మాట కంటే ముందు నవ్వు

మా అమ్మ నవ్వు నా దగ్గర ఒక్కచోటే మిగిలింది. అరవై నిమిషాల క్యాసెట్‌లో ఏ సైడు, పదకొండో నిమిషం. నేను ఏడో తరగతిలో ఉండగా విద్యానగర్‌లో మా రెండు గదుల ఇంట్లో రికార్డు చేసింది. స్టూలు మీద మర్ఫీ రేడియో, దాని ముందు పీట, పీట మీద మా బాబాయి తెచ్చిన పలకలాంటి టేప్ రికార్డరు. రెండింటినీ వైరుతో కలిపే వీలు లేదు. అందుకని రేడియోతో పాటు ఇల్లంతా క్యాసెట్‌లోకి ఎక్కింది: ఫ్యాను చప్పుడు, వీధిలో రిక్షా గంట, వంటింట్లో కుక్కరు.

వస్తున్నది ఆకాశవాణి హైదరాబాదు కేంద్రం వారి కార్మికుల కార్యక్రమం. అందులో పాత్రలు చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళ దగ్గర ఈ మూడు పేర్లూ ఎత్తితే చాలు, గొంతులతో సహా గుర్తుకొస్తాయి. ఆ రోజు ఏకాంబరం ఏదో అనబోతున్నాడు. ఇంకా అనలేదు. అమ్మ నవ్వేసింది.

కిందటి దసరాకి ఆ క్యాసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించి తెర మీద గీతలు పెద్దవి చేసి చూశాను. అమ్మ నవ్వు మొదలైన చోటికీ ఏకాంబరం మాట పడిన చోటికీ మధ్య అర సెకను పైచిలుకు. ఏళ్ళ తరబడి విని విని ఆ గొంతు ఎక్కడ మలుపు తిరుగుతుందో అమ్మకి తెలిసిపోయింది. వేరే కారణం ఏమీ లేదు. కానీ ఆ అర సెకను నన్ను వదల్లేదు. ఒకసారి మాత్రమే ప్రసారమయ్యే హాస్య నాటికకి ఎవరైనా ముందే నవ్వితే, ప్రతి నవ్వూ ముందే వస్తే, వాళ్ళెవరు?

ఎనిమిది నెలలుగా రాస్తున్న కథ అక్కణ్ణుంచి పుట్టింది. కాలంలో వెనక్కి వెళ్ళే సైన్స్ ఫిక్షన్, దాని కడుపులో అపరాధ పరిశోధన.

మొదట వేరేలా అనుకున్నాను. పాత రేడియో ప్రసారాలు అంతరిక్షంలో ఇంకా ప్రయాణం చేస్తూనే ఉంటాయని అంటారు కదా, వాటి వెనకాల పరిగెత్తి పట్టుకునే కథ. రేడియోలో ఇంజినీరుగా చేసి రిటైరైన మా బాబాయికి చెబితే ఒక్క మాటతో కొట్టిపారేశాడు.

"మీడియం వేవ్ ఎక్కడికి పోతుందే తల్లీ? మన హైదరాబాద్ ఎ కేంద్రం 738 కిలోహెర్ట్జ్. పగలు ఆకాశంలో పైన ఉండే పొర దాన్ని మింగేస్తుంది. రాత్రయితే ఇంకా పై పొర కిందికి తిప్పి కొడుతుంది. అందుకే చీకటి పడ్డాక ఎక్కడెక్కడి స్టేషన్లూ తగిలేవి. నక్షత్రాల దాకా ఏకాంబరం ఎక్కడ వెళ్తాడు?"

ఆ రాత్రి నిజంగా బాధేసింది. అంటే ఆ గొంతులు ఈ ఇళ్ళు దాటి ఎక్కడికీ పోలేదు. విన్నవాళ్ళ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. ప్రసారాన్ని వెంటాడే ఆలోచన అక్కడే ఆపేశాను. ఆ ఇంట్లోకే మనిషిని పంపాలి.

కథ ఇది. ఇప్పటి కాలంలో పాత టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఒకామె. కోఠి గుజరాతీ గల్లీలో రిపేరు షాపు మూసేస్తుంటే ఆమెకి ఒక స్పూలు, అంటే టేపు చుట్టిన చక్రం, దొరుకుతుంది. డబ్బాలో స్పూలుతో పాటు 1968 నాటి రేడియో లైసెన్సు పుస్తకం. అప్పట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. అలా నల్లకుంటలో ఒక ఇంటి చిరునామా తెలుస్తుంది. అది తన తల్లి కొత్తగా కాపురం పెట్టిన ఇల్లే. అప్పటికి తను పుట్టలేదు. టేపులో ఒక హాస్య నాటిక ఉంది, ఇంట్లో వాళ్ళ సందడి ఉంది, ప్రతి చమత్కారానికీ అర సెకను ముందు నవ్వే ఒక ఆడగొంతు ఉంది.

మన రేడియో నాటికల్లో, నేను విన్నంతవరకూ, నవ్వులు ఉండేవి కావు. లండన్‌లో బీబీసీ వాళ్ళు 1951 నుంచి 1960 దాకా వేసిన గూన్ షో లాంటి హాస్య కార్యక్రమాలైతే స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి వాళ్ళ నవ్వులతో సహా రికార్డు చేసేవారు. మనకి నటులు గోడలకి చెప్పేవాళ్ళు, నవ్వు మాత్రం మన ఇంట్లో మనదే. నాకు ఈ పద్ధతే ఇష్టం. కథకి కూడా ఇదే కావాలి, ఎందుకంటే టేపులో నవ్వు ఉందంటే అది కచ్చితంగా ఆ గదిలోదే.

మొదటి అనుమానం టేపు మీదే. స్పూలు చుట్టి ఏళ్ళ తరబడి ఉంచితే ఒక చుట్టులోని అయస్కాంతం పక్క చుట్టు మీద సన్నగా అచ్చుపడుతుంది. ప్రింట్ త్రూ అంటారు. నిశ్శబ్దంగా ఉన్న చోట, మాట రాకముందే దాని నీడ లీలగా వినిపిస్తుంది. బాబాయి దీన్ని చెప్పగానే పేజీల మీద పేజీలు రాశాను. అయితే నీడ ఎంత ముందు రావాలో లెక్క ఉంది. ఏడంగుళాల స్పూలు, సెకనుకు ఏడున్నర అంగుళాల వేగం, 1200 అడుగుల టేపు, మొత్తం 32 నిమిషాలు. స్పూలు నిండుగా ఉన్నప్పుడు ఒక చుట్టు 22 అంగుళాలు, అంటే నీడ దాదాపు మూడు సెకన్లు ముందు వస్తుంది. టేపు అయిపోవచ్చేసరికి చుట్టు ఏడంగుళాలకి తగ్గి, ఆ ఎడం ఒక్క సెకనుకి దిగుతుంది. మా కథలో నవ్వు మొదటి నిమిషంలోనూ అర సెకనే, ముప్పయ్యో నిమిషంలోనూ అర సెకనే. పైగా నీడ వెనకాల అసలు శబ్దం రావాలి. ఇక్కడ నవ్వు ఒక్కటే వస్తుంది, నిండుగా.

ఎవరో తర్వాత అతికించారా? టేపు అడుగున కరెంటు హమ్ ఉంటుంది, కరెంటు వల్ల పడే సన్నటి మోత, 50 హెర్ట్జ్. ముక్క కోసి అతికిస్తే ఆ అల తెగుతుంది. ఇంకో మిషను మీద కలిపి తీస్తే రెండో హమ్ చేరుతుంది. ఇందులో హమ్ ఒకటే, ఎక్కడా తెగలేదు.

ఇక మిగిలింది మనిషి. రిహార్సల్ విన్న మనిషి అయ్యుండొచ్చు కదా! నటుల ఇంటివాళ్ళో, స్టూడియో వాళ్ళో. ఈ అనుమానాన్ని దాటడానికే నాకు మూడు నెలలు పట్టింది. దారి ఒక ఉదయం కాఫీ తాగుతుంటే దొరికింది, నాకే పొలమారి.

కథలో నాటిక నేరుగా స్టూడియో నుంచి వస్తోంది. అత్తగారింట్లో గొడుగు మర్చిపోయిన అల్లుడి వేషగాడికి మధ్యలో పొలమారుతుంది. దగ్గుతూనే, కాగితం మీద లేని మాట ఒకటి అందుకుంటాడు: "మా ఆవిడ తలుచుకుంటున్నట్టుంది!" ఏ రిహార్సల్‌లోనూ లేని దగ్గు అది. టేపులో ఆ దగ్గు కంటే అర సెకను ముందే ఆ ఆడగొంతు నవ్వుతుంది. అంటే ఆమె విన్నది రిహార్సల్ కాదు, ఈ ప్రసారాన్నే, ఈ టేపునే. చాలాసార్లు విని ఉంటుంది.

పరిశోధించే ఆమెకి ఆ నవ్వు ఎవరిదో అప్పటికి తెలిసిపోతుంది. ఇంకో పదేళ్ళు పెద్దదైన తన గొంతే.

ఇక్కడి వరకూ రాసి బాబాయికి చదివి వినిపించాను. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ కూర్చున్నాడు. దేన్నీ మార్చడానికి వెళ్ళలేదేమిటే అని అడిగాడు. మార్చడానికి కాదు బాబాయ్, పక్కన కూర్చుని వినడానికి వెళ్ళింది అన్నాను. నాకు చేతనైతే నేను చేసేదీ అదే.

టేపు చివర్లో, కొత్త కోడలిగా ఉన్న తల్లి ఆ వచ్చినావిడతో అంటుంది: "అదేంటండీ, మీరు ముందే నవ్వేస్తున్నారు?" వచ్చినావిడ తన కూతురని ఆమెకి తెలియదు. నోరారా "ఏమే" అని పిలవాల్సిన పిల్లని "అండీ" అంటోంది. ఈ ఒక్క వాక్యం రాసిన రోజు ఇంకేమీ రాయలేకపోయాను.

కూతురు ఏం జవాబు చెబుతుంది? ఆరు రకాలుగా రాశాను. ఒకదాంట్లో నిజం చెప్పేస్తుంది. ఒకదాంట్లో అలవాటండీ అంటుంది. ఆరూ కొట్టేశాను. నిన్న బాబాయి వచ్చినప్పుడు ఆ సంగతి వదిలేసి మా క్యాసెట్ పెట్టాం.

పదకొండో నిమిషంలో అమ్మ నవ్వు. అర సెకను. ఏకాంబరం మాట. వెంటనే కుక్కరు కూత. ఆ టేప్ రికార్డరు పెద్ద శబ్దం పడగానే తనంతట తానే స్థాయి తగ్గించుకునే రకం, కాబట్టి కూతతో పాటు రేడియో నూతిలోకి దిగినట్టు దిగిపోతుంది. తర్వాత మెల్లగా పైకి వస్తుంది, ముందు ఫ్యాను, తర్వాత రాంబాబు గొంతు. ఆ సందులో అమ్మ గాజుల చప్పుడు. నేల మీద చెయ్యి ఆనించి లేస్తోంది. కుక్కరుకి జవాబు చెబుతున్నట్టు "వస్తున్నా, వస్తున్నా" అంటోంది.