నిమజ్జనం రోజు వచ్చిన కబురు

28 సెప్టెంబర్ 2023, గురువారం

వినాయకుణ్ణి సాగనంపడానికని నిన్న రాత్రే ఊరికి వచ్చాను. హాలియా దాటాక సాగర్ ఎడమ కాల్వ కింద మా ఊరు. పొద్దుటి నుంచి డప్పులు, డీజే, పిల్లల ఒంటినిండా రంగు. మధ్యాహ్నం లడ్డూ వేలం జోరుమీద ఉన్నప్పుడు ఫోన్ తీస్తే, మా టీచర్ల గ్రూపులో ఒక ఫొటో, కింద దండాల బొమ్మలు. వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ గారు చెన్నైలో పోయారు. 98 ఏళ్ళు.

గుండె కలుక్కుమంది. నిండు జీవితమే, నిజమే. అయినా పెద్దదిక్కు పోయినట్టే అనిపించింది.

గ్రూపులో నాలుగు దండాలు, ఆ వెంటనే ఎవరిదో మండపం వీడియో. ఒక సార్ "ఈయన ఇంకా ఉన్నారా, ఎప్పుడో పోయారనుకున్నా" అని రాశారు. చెడుగా ఏమీ అనలేదు ఆయన. కానీ ఆ మాట దగ్గరే చాలాసేపు ఉండిపోయాను.

అబ్దుల్ కలాం గారు పోయిన రోజు గుర్తొచ్చింది. 2015 జూలై 27. అప్పుడు నేను నల్గొండలో బీఈడీ చదువుతున్నాను. షిల్లాంగ్‌లో విద్యార్థుల ముందు మాట్లాడుతూనే కుప్పకూలారని రాత్రి టీవీలో వస్తుంటే హాస్టల్లో ఎవరికీ అన్నం సయించలేదు. తెల్లారి క్లాక్‌టవర్ దగ్గర ఫ్లెక్సీ, పూలదండలు, సాయంత్రం కొవ్వొత్తులు. మేం రోజూ టీ తాగే కొట్టాయన పేపర్లో ఫొటోను కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి అద్దానికి అంటించాడు. అది ఏడాది దాకా అక్కడే ఉంది. కలాం గారికి అంత ప్రేమ దక్కాల్సిందే. రాకెట్లు, క్షిపణులతోనే ఆగిన మనిషి కాదు. హైదరాబాద్‌లో పనిచేసిన రోజుల్లో పోలియో పిల్లలు మూడేసి కిలోల ఇనుప పట్టీలు కాళ్ళకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడవడం చూసి, 300 గ్రాముల పట్టీలు చేయించారు. ఆ సంగతి క్లాసులో చెప్పినప్పుడల్లా నా గొంతు మారిపోతుంది.

మరి ఈయన? రోజుకు రెండు పూటలా కంచంలో ఉన్నాడు కదా. కంచంలో ఉన్నవాడు కంటికి కనబడడేమో.

పక్కింటి బాబాయి కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. వాడికి చెబితే, "ఆయన వల్లనే గదక్కా ఈ యూరియా, ఈ మందులు, ఈ రోగాలు" అన్నాడు. నాకు కోపం వచ్చింది, వెంటనే తగ్గింది కూడా. వాడి నాయిన మందు కొడుతూ కళ్ళు తిరిగి పడిపోయిన మనిషి. వాడు ఊరికే అనలేదు. కానీ సగమే తెలిసి అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది ఆకలికి చచ్చిపోవడం చూసి, డాక్టర్ చదవాల్సిన కుర్రాడు వ్యవసాయం చదువుకు మళ్ళాడు. తర్వాత 1960లలో మన దేశం అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూసిన రోజులొచ్చాయి. పొట్టి గోధుమ రకాలు తెప్పించి, మన నేలకు సరిపడేలా మార్చి, రైతుల పొలాల్లోనే పండించి చూపించారు. అలా చూపించిన మనిషే, 1968 జనవరిలో వారణాసి సైన్స్ కాంగ్రెస్‌లో, ఎరువులు, పురుగుమందులు అడ్డూ అదుపూ లేకుండా వాడితే, భూమిలో నీళ్ళన్నీ తోడేస్తే నష్టపోతామని హెచ్చరించారు. హరిత విప్లవమన్న పేరు అప్పటికింకా ఊళ్ళకు చేరనే లేదు. ఆ మాట విననిది మనమే. వాడు "అట్లనా" అని, ఇంకేం అనకుండా కాల్వ గట్టు వైపు వెళ్ళిపోయాడు.

నాయినమ్మకు ఆయన పేరే తెలియదు. కొంగుతో మొహం తుడుచుకుంటూ "ఎవరు బిడ్డా ఆయన" అంది. మన బువ్వ కోసం పనిచేసినాయన నాయినమ్మా అన్నాను. అంతే, మొదలుపెట్టింది. వాళ్ళ పుట్టింట్లో జొన్న గట్కనే. వరి అన్నం పండుగకు పబ్బానికి, లేకపోతే ఎవరికన్నా జ్వరం వచ్చినప్పుడు. "జరమొస్తె బాగుండు, బువ్వ పెడుతరు అనుకునేటోళ్ళం" అంది. కాల్వ నీళ్ళు వచ్చిన కొత్తలో వేసిన పాత ఒడ్లు ఎంతెత్తు ఉండేవో, లేచి నిలబడి భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. ఎరువు వేస్తే ఇంకా ఏపుగా పెరిగి, గాలి కొడితే చాప పరిచినట్టు పడిపోయేదట. తర్వాత పొట్టి రకం వచ్చింది. ఐఆర్ ఎనిమిదిని నాయినమ్మ ఇప్పటికీ "ఆరెనిమిది" అంటుంది. ఆ చెయ్యిని భుజం నుంచి నడుం మీదికి దించి, "గింతే. గని పడకపోవు" అంది. అన్నం లావుగా ఉండేదని, చల్లారితే గట్టిపడేదని సణిగింది కూడా. ఎకరాకు పది బస్తాలు రాని చోట పాతిక వచ్చేసరికి తాత నమ్మక, మళ్ళీ లెక్కపెట్టించాడట.

ఆరెనిమిది ఆయన చేసింది కాదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థది. 1982 నుంచి ఆరేళ్ళు ఆ సంస్థను నడిపింది మాత్రం స్వామినాథన్ గారే. నాయినమ్మకు ఇదంతా చెప్పలేదు. ఆమె చెయ్యి భుజం నుంచి నడుం మీదికి దిగిందే, అది చాలనిపించింది నాకు.

సాయంత్రం నాయినతో పొలానికి వెళ్ళాను. ఆయన గట్టున కూర్చుని ఒక పిలక పీకి, గోటితో కాడ చీల్చి చూపించాడు. లోపల తెల్లగా, పత్తి పోగంత మెత్తగా వెన్ను. చిరుపొట్ట దశ, వెన్ను ఇంకా కాడ లోపలే ఉండే వేళ. అప్పుడు చెప్పాను కబురు. నాయిన ఆ కాడను చేతిలోనే పట్టుకుని, "స్వామినాథన్ కమిషన్ ఆయనేనా?" అన్నాడు.

మా నాయినకు గోధుమలు, బహుమతులు తెలియవు. 2004 నుంచి 2006 దాకా రైతుల కమిషన్‌కు అధ్యక్షుడిగా ఉండి, పెట్టుబడికి సగం కలిపి మద్దతు ధర ఇవ్వాలని రాసిన మనిషిగానే తెలుసు. ధర్నాలో ఆ పేరు అరిచి వచ్చాడు ఒకసారి. "ఈసారి ఏ గ్రేడు వడ్లకు క్వింటాలుకు 2,203 రూపాయలు అన్నరు. ఆయన చెప్పిన లెక్క కట్టి ఇచ్చిందెన్నడు?" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. కాల్వ వైపు నుంచి డప్పులు వినిపిస్తున్నాయి.

రాత్రి అన్నాల దగ్గర నాయినమ్మ ఉన్నట్టుండి అడిగింది, ఆయనకు పిల్లలున్నరా అని. ముగ్గురూ ఆడపిల్లలే అన్నాను. "మంచిది" అంది, ఇంకో ముద్ద కలుపుకుంటూ.

నాయిన ఇంతవరకు వాట్సాప్‌లో స్టేటస్ పెట్టిన మనిషి కాదు. ఫోన్ నా చేతికిచ్చి ఆయన ఫొటో పెట్టమన్నాడు. నేనొకటి తీస్తే, "ఇంట్ల కూసున్నది వద్దు, పొలంల నిలబడ్డది పెట్టు" అన్నాడు. వెతికి, వరి చేనులో నిలబడ్డ ఫొటో పెట్టాను. పడుకోబోయే ముందు మళ్ళీ ఫోన్ తెచ్చి ఎంతమంది చూశారో చెప్పమన్నాడు. ఏడుగురు. నలుగురు మా పక్క పొలాలవాళ్ళే.