ఫ్యాన్ కొనే ముందు పినియన్ చూడండి

బ్రష్‌లెస్ ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) కారు మోటార్ కాలిపోతోందని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది ఒకటే: పినియన్‌కి, అంటే మోటార్ షాఫ్ట్ మీదుండే చిన్న గేరుకి, ఎన్ని పళ్లు? ఫ్యాన్, హీట్‌సింక్ పుట్టిన వేడిని బయటికి పంపుతాయి, కాదనను. కానీ అంత వేడి ఎందుకు పుడుతోందో చూడకుండా ఫ్యాన్ బిగించడం నాకు నచ్చదు.

మోటార్ వైండింగ్‌లో (లోపలి రాగి తీగ చుట్టల్లో) కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. 15 పళ్ల పినియన్ తీసి 13 పళ్లది వేశామనుకోండి. చక్రాల దగ్గర అదే బలం రావడానికి మోటార్ ఇవ్వాల్సిన టార్క్ 13 శాతం తగ్గుతుంది, కరెంటూ దాదాపు అంతే తగ్గుతుంది. వైండింగ్ వేడి మాత్రం పాతిక శాతం పడిపోతుంది! రెండు పళ్లకే. టాప్ స్పీడ్ కొంత పోతుంది, నిజమే. గడ్డిలో, వదులు మట్టిలో తిప్పే బండి ఆ స్పీడ్‌ని ఎలాగూ అందుకోదు.

వేడిని నేను ఇంత పట్టించుకోవడానికి కారణం, అది తనను తానే పెంచుకుంటుంది. 25 డిగ్రీల దగ్గర ఉన్న రాగి తీగ 100 డిగ్రీలకి చేరితే దాని రెసిస్టెన్స్ 30 శాతం దాకా పెరుగుతుంది. రోటర్‌లోని నియోడైమియం అయస్కాంతాలదీ ఇదే కథ. మామూలు గ్రేడ్‌వైతే 80 డిగ్రీలు దాటాక ప్రమాదమే. ఒకసారి బలం తగ్గితే చల్లారినా పూర్తిగా తిరిగి రాదు. ఆ తర్వాత అదే టార్క్‌కి ఇంకా ఎక్కువ కరెంటు, ఇంకా ఎక్కువ వేడి.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూసేవాళ్లు మోటార్ డబ్బా మీద చిన్న నల్ల టేపు ముక్క అతికించి దాని మీదే చూడండి. మెరిసే లోహం మీద రీడింగ్ అసలుకన్నా తక్కువ వస్తుంది. బండి ఆపిన వెంటనే ఒకసారి చూసి వదిలేయొద్దు. లోపలి వేడి డబ్బాకి చేరడానికి కొంచెం టైమ్ పడుతుంది, ఆపాక కూడా అంకె పెరుగుతుంది.

2ఎస్ (రెండు సెల్స్) బ్యాటరీ నుంచి 3ఎస్‌కి (మూడు సెల్స్) మారితే చల్లగా ఉంటుందనే మాట సగమే నిజం. అదే పవర్‌కి బ్యాటరీ కరెంటు మూడింట రెండు వంతులకి తగ్గుతుంది, వైర్లకి సుఖం. అయితే కేవీ (ఒక్కో వోల్టుకి మోటార్ తిరిగే ఆర్‌పీఎం), గేరింగ్ అలాగే ఉంచితే బండి ఒకటిన్నర రెట్ల స్పీడ్ కోసం పరుగెడుతుంది, కరెంటు మళ్లీ ఎక్కిపోతుంది. 3ఎస్ వేస్తే పినియన్ చిన్నది వేయాల్సిందే, లేదా తక్కువ కేవీ మోటార్ పెట్టాలి.

ఈఎస్‌సీ (మోటార్ స్పీడ్‌ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ కంట్రోలర్) లెక్క వేరు. నెమ్మదిగా నడిపితే దానికి రెస్ట్ అనుకుంటాం. సగం థ్రాటిల్‌లో బరువు లాగుతున్నప్పుడు మోటార్ వైర్లలో తిరిగే కరెంటు బ్యాటరీ ఇచ్చే కరెంటుకన్నా ఎక్కువ ఉంటుంది. దానిలో కరెంటుని ఆన్-ఆఫ్ చేసే మోస్‌ఫెట్‌లకి స్విచింగ్ పని అదనం. వైర్ పొడవు పెంచక తప్పకపోతే నేను మోటార్ వైపే పెంచుతాను. బ్యాటరీ వైపు పెరిగితే ఈఎస్‌సీ కెపాసిటర్ల మీద రిపుల్ (వోల్టేజీ ఎగుడుదిగుళ్ల) భారం పడుతుంది.

బ్యాటరీలోనూ వేడి పుడుతుంది. ప్యాక్ ఇంటర్నల్ రెసిస్టెన్స్ 5 మిల్లీఓమ్‌లైనా, 80 ఆంప్స్ లాగితే లోపలే 32 వాట్లు వేడిగా పోతాయి, వోల్టేజీ 0.4 పడుతుంది. అందుకే లేబుల్ మీద ఉన్న సీ రేటింగ్ (ప్యాక్ ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె) కన్నా చార్జర్ చూపించే ఇంటర్నల్ రెసిస్టెన్స్‌నే నమ్ముతాను. రన్ అయ్యాక లైపో (లిథియం పాలిమర్) ప్యాక్ 60 డిగ్రీలు దాటితే ఆ ప్యాక్ ఈ బండికి చాలట్లేదనే అర్థం. పూర్తిగా చల్లారేదాకా దాన్ని చార్జింగ్‌కి పెట్టను.