‘హే జో’ ఎవరి పాట?
‘హే జో’ అనే ఇంగ్లిష్ రాక్ పాట అనగానే అమెరికన్ గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ గిటారే గుర్తొస్తుంది. నేనేమో ఈమధ్య పాత రికార్డుల మీద పాట కింద చిన్న అక్షరాల్లో వేసే రచయితల పేర్ల వెంట పడ్డాను. 1966లో వచ్చిన బర్డ్స్ అనే రాక్ బ్యాండ్ ఎల్పీ రికార్డు మీద డినో వాలెంటి అనే గాయకుడి పేరుంది. ఆ పాట పాడిన మరో గాయకుడు టిమ్ రోజ్ అయితే అది ఎప్పటినుంచో ఉన్న జానపదం అన్నాడు. తీరా చూస్తే 1962లో కాపీరైట్ తీసుకున్నది బిల్లీ రాబర్ట్స్ అనే కాఫీహౌస్ గాయకుడు. కథ అక్కడితో ఆగలేదు. ఒకప్పటి అతని స్నేహితురాలు నీలా మిల్లర్ అంతకుముందే కట్టిన పాట ఒకటుంది. దాదాపు అదే గిటార్ కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) వరస, అదే ప్రశ్న-జవాబు నడక. వింటుంటే ఒళ్లు గగుర్పొడిచింది. ఆవిడ 1962లో రికార్డ్ చేస్తే బయటికొచ్చింది 2009లో! ఆ చిన్న అక్షరాల్లో ఆవిడ పేరూ ఉండాల్సిందే. ఇక బానీ డాబ్సన్ అనే గాయని రాసిన ‘మార్నింగ్ డ్యూ’ పాట మీదికి టిమ్ రోజ్ పేరెలా చేరిందో చూడాలి.