బాయ్‌కాట్: గ్రూప్స్‌కి చదివేవాళ్లు వదలకూడని క్రియ

ఫ్రెండ్స్, గ్రూప్స్ ప్రిపరేషన్‌లో ఒకాబులరీ లిస్టులు బట్టీ పట్టే బదులు, పేపర్లో రోజూ కనిపించే క్రియ ఒకటి తీసుకుని అది ఎక్కడ పుట్టిందో చూసేదాన్ని. అలా చదివినవాటిలో నాకు ఎక్కువ పనికొచ్చింది బాయ్‌కాట్.

అది ఒక మనిషి ఇంటిపేరు. అందుకే చివర రెండు 'టి'లు, స్పెల్లింగ్ తప్పు పోదు. చార్లెస్ బాయ్‌కాట్ ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు. కౌలు వసూలు చేయడం, కట్టలేనివాళ్లను ఖాళీ చేయించడం అతని పని. 1880లో కౌలు 25 శాతం తగ్గించమని రైతులు అడిగితే భూస్వామి ఒప్పుకోలేదు. ఖాళీ చేయించిన పొలాన్ని తీసుకున్నవాణ్ణి ఊరంతా దూరం పెట్టాలని ఐరిష్ నాయకుడు పార్నెల్ అప్పటికే ఎన్నిస్ పట్టణంలో జరిగిన సభలో చెప్పాడు. మేయో రైతులు ఆ పద్ధతిని ఏజెంటు మీదే ప్రయోగించారు. కూలీలు పొలంలో దిగలేదు, కమ్మరి రాలేదు, అంగట్లో సరుకు పుట్టలేదు. చివరికి దుంపలు తవ్వడానికి ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ నుంచి 50 మంది వచ్చారు. వాళ్లకు కాపలాగా దాదాపు వెయ్యి మంది సైనికులు, పోలీసులు! డిసెంబర్‌కల్లా బాయ్‌కాట్ ఐర్లండ్ వదిలి వెళ్లిపోయాడు. ఆ ఏడాదే పత్రికలు అతని పేరును క్రియగా వాడేశాయి.

ఇది తెలిశాక హిస్టరీ సిలబస్ చాలావరకు ఒక వరసలో పడింది. 1905 ఆగస్టు 7న బ్రిటిష్ వస్తువులను బాయ్‌కాట్ చేయాలన్న కలకత్తా టౌన్‌హాల్ తీర్మానం, 1907లో అదే ప్రచారంతో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి పర్యటన, 1928లో సైమన్ కమిషన్ బాయ్‌కాట్. తెలంగాణ ఉద్యమం పేపర్ రాసేవాళ్లు 1978 నాటి జగిత్యాల, సిరిసిల్ల ఘట్టం దగ్గర ఇంకాస్త ఆగండి. చాకలి, మంగలి, పాలేర్లు దొరల పనికి పోవడం మానేశారు. ప్రభుత్వం ఆ తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. నా దృష్టిలో మేయోకి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది ఇదే. మెయిన్స్ వ్యాసంలో రెండూ పక్కపక్కన రాస్తే జవాబుకు బరువొస్తుంది.

గ్రామర్‌కి వస్తే, క్రియగా వాడినప్పుడు దీని తర్వాత ప్రిపొజిషన్ రాదు, నేరుగా కర్మ వస్తుంది. 'ఎగైనెస్ట్' కనిపిస్తే ఎర్రర్ అక్కడే. బ్యాన్‌తో కలపకండి: బ్యాన్ అధికారం ఉన్నవాళ్లు పెట్టేది, బాయ్‌కాట్ జనం తమంతట తాము చేసేది.

పాలిటీలో నియోజకవర్గాల పునర్విభజన చదివేటప్పుడు గెర్రిమాండర్ (ఒక పార్టీకి లాభమయ్యేలా నియోజకవర్గాల హద్దులు గీయడం) కూడా ఇలాగే చూడండి, అదీ ఒక మనిషి పేరు నుంచి పుట్టిందే. 1812, మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ.