కలుపనుకుని నారు పీకొద్దు: డ్రైవర్ కోడ్ రివ్యూలో నా అనుభవం

భీమవరం వైపు రొయ్యల చెరువుల మీద ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఆడించే చిన్న కంప్యూటర్ బోర్డు. నీళ్ళలోని ఆక్సిజన్ సెన్సర్ ఆర్‌ఎస్-485 తీగ మీద రీడింగ్ పంపితే లినక్స్‌లోని సీరియల్ డ్రైవర్ (పరికరంతో మాట్లాడే ప్రోగ్రామ్) అందుకుంటుంది. ఆ డ్రైవర్‌ని "శుభ్రం చేశానండీ, లాజిక్ ముట్టుకోలేదు" అంటూ ఓ కుర్రాడు పంపిన ప్యాచ్ (కోడ్ మార్పుల మూట) రివ్యూకి నా దగ్గరికొచ్చింది. ఇండెంట్లు (లైను మొదట్లో వదిలే ఖాళీలు), పేర్లు, ఎర్రర్ దారులు (పని మధ్యలో విఫలమైతే తీసుకున్నవి వదిలే కోడ్) అన్నీ ఒకే ప్యాచ్‌లో కుక్కేశాడు.

చదవకుండానే వెనక్కి పంపాను. ముందు ట్యాబులూ స్పేసులూ, తర్వాత పేర్లు, ఆ తర్వాత ఉత్త అంకెల బదులు మాక్రోలు (వాటికి పెట్టిన పేర్లు), ఆఖర్న ఎర్రర్ దారులు, దేనికదే ప్యాచ్. మధ్యలో నిజమైన బగ్ దొరికితే దాని సవరణ అన్నిటికన్నా ముందుండాలి. పాత స్టేబుల్ కెర్నెళ్ళకి (కెర్నెల్ అంటే లినక్స్ గుండెకాయ, ఇవి దాని పాత వెర్షన్లు) అదొక్కటే తీసుకెళ్ళాల్సి వస్తుంది మరి.

రెండోసారి వచ్చాక మొదటి రెండు ప్యాచ్‌లకీ కళ్ళని నమ్ముకోలేదు. ఖాళీలూ పేర్లూ మారినంత మాత్రాన మెషీన్ కోడ్ మారకూడదు. డీబగ్ సమాచారం (తప్పులు వెతకడానికి ఫైల్లో చేర్చే వివరాలు) ఆపేసి ముందొకసారి, తర్వాతొకసారి బిల్డ్ చేసి, ఆబ్జ్‌డంప్ అనే టూల్‌తో తీసిన మెషీన్ కోడ్‌ని పోల్చాను. డీబగ్ ఆపకపోతే లైను నంబర్లు మారినందుకే ఫైళ్ళు తేడా చూపిస్తాయి. స్పేసుల ప్యాచ్ అచ్చుగుద్దినట్టు సరిపోయింది. పేర్ల ప్యాచ్‌లో తేడా! ఇంటరప్ట్ (పరికరం ప్రాసెసర్‌ని పిలిచే సిగ్నల్) వచ్చినప్పుడు నడిచే హ్యాండ్లర్ చివర, పరికరం స్థితి చెప్పే స్టేటస్ రిజిస్టర్ని చదివే రీడ్‌ఎల్ లైను మాయం. చదివిన విలువ ఎక్కడా వాడట్లేదని తీసేశాడు. అది విలువ కోసం పెట్టింది కాదు. ఇంటరప్ట్ చెరపమని రైట్‌ఎల్‌తో పరికరానికి రాసింది దారిలో బఫర్‌లో ఆగి ఉండొచ్చు; అదే పరికరం నుంచి చదివితే, ముందు రాసింది చేరాకే జవాబొస్తుంది. ఆ లైను లేకపోతే హ్యాండ్లర్ ముగిసేసరికి ఇంటరప్ట్ ఇంకా చెరగకపోవచ్చు, అప్పుడు పనేమీ లేకుండానే మళ్ళీ వస్తుంది. లైను తిరిగి పెట్టించి పైన కామెంట్ రాయించాను. నిజానికి తప్పు మొదట్లో కామెంట్ రాయనివాడిదే.

ప్రాసెసర్‌ని వదలకుండా ఆగే యూడిలే బదులు, నిద్రపోతూ ఆగే యూస్లీప్‌రేంజ్ కూడా పెట్టాడు. "చెక్‌ప్యాచే చెప్పింది కదండీ" అన్నాడు. కోడ్ శైలి చూసే ఆ స్క్రిప్టు చెప్తుంది; ఆ లైను స్పిన్‌లాక్ (తీసుకున్నవాళ్ళు నిద్రపోకుండా పని ముగించాల్సిన తాళం) లోపల ఉందని దానికి తెలియదు. అక్కడ నిద్రపోకూడదు. డీబగ్ అటామిక్ స్లీప్ ఆప్షన్ ఆన్ చేసి నడిపితే కెర్నెలే అరిచి చెప్తుంది. లైను వెడల్పు గురించి మాత్రం వాదించలేదు. 80 అక్షరాలు మంచి అలవాటే గానీ 2020 నుంచి చెక్‌ప్యాచ్ 100 దాటితేనే అడుగుతోంది. ఎర్రర్ మెసేజ్‌ని మాత్రం రెండు లైన్లుగా విరగ్గొట్టనివ్వను, కోడ్‌లో వెతికే గ్రెప్‌కి దొరకదు.

ఎర్రర్ దారుల్లో ఇంటరప్ట్‌ని డెవ్‌ఎమ్ పద్ధతికి (తీసుకున్నవాటిని కెర్నెలే విడుదల చేసే పద్ధతి) మార్చి, క్లాక్‌ని (పరికరాన్ని నడిపే టైమింగ్ సిగ్నల్) పాత పద్ధతిలోనే, రిమూవ్‌లో ఆపేలా, వదిలేశాడు. డ్రైవర్ పరికరాన్ని వదిలేటప్పుడు నడిచే రిమూవ్ ఫంక్షన్ ముగిశాకే డెవ్‌ఎమ్ తీసుకున్నవాటిని వెనక నుంచి ముందుకి విడుదల చేస్తుంది. అంటే రిమూవ్‌లో క్లాక్ ఆగిపోయింది, ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంది. ఆ సందులో హ్యాండ్లర్ రిజిస్టర్ని తాకిందా, బోర్డు పడిపోవచ్చు. క్లాక్‌ని కూడా డెవ్‌ఎమ్‌తోనే, ఇంటరప్ట్ కన్నా ముందు తీసుకునేలా మార్పించాను.

చివరి పరీక్షకి, డ్రైవర్‌ని కెర్నెల్ నుంచి తీసేసే ఆర్‌ఎమ్‌మాడ్ కమాండ్ పనికిరాదు, పోర్టు తెరిచి ఉంటే ఒప్పుకోదు. రీడింగులు వస్తుండగానే సిస్‌ఎఫ్‌ఎస్ (కెర్నెల్ విషయాలు ఫైళ్ళుగా కనిపించే చోటు) నుంచి అన్‌బైండ్, బైండ్ (డ్రైవర్‌ని పరికరం నుంచి విడదీసి మళ్ళీ కలపడం) వందసార్లు చేయించి, కెర్నెల్ మెసేజ్‌లుండే డీమెసేజ్ లాగ్ చూశాకే సంతకం పెట్టాను.