పేర్లన్నీ ఒకటైన ఊళ్లో

లీడ్స్‌లో మా పక్కింటి పెద్దావిడకు వంశవృక్షం పిచ్చి. చూస్తుండగానే అది నాకూ అంటుకుంది. ఆమె తాతకు తాత పేరు జాన్ గ్రీన్‌వుడ్, నేతపని చేసేవాడు, భార్య బెట్టీ, ఊరు కొండ మీది హెప్టన్‌స్టాల్. ఆమెకు తెలిసింది అంతే. "నీ కళ్లు ఇంకా బాగున్నాయి, తోడు రా" అంది. వెళ్లాను.

ముందు రోజు వేక్‌ఫీల్డ్‌లోని రికార్డుల కేంద్రంలో కూర్చున్నాం. పెన్ను బయటే పెట్టాలి, లోపల పెన్సిలే. ఇంగ్లండులో చర్చి రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి, ప్రభుత్వం జననమరణాలు నమోదు చేయడం 1837లో. అన్నీ ఉన్నాయి కదా అని సంబరపడ్డాం కానీ, ఆ కొండ మీద ఇంటింటా గ్రీన్‌వుడ్‌లే, వాళ్లలో సగం మంది జాన్‌లే! పైగా 1841 జనాభా లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవారి వయసును అయిదుల లెక్కకు దించి రాయమన్నారు. 34 ఏళ్లవాడు 30 అయిపోతాడు. ఇక మన జాన్ ఎవరని పట్టుకోవడం?

ఇంగ్లండు ఉత్తరాదిన ఒక్కో చర్చి పరిధి మరీ పెద్దది కావడంతో, అది టౌన్‌షిప్పులనే చిన్న భాగాలుగా ఉండేది. 1662 చట్టంతో ఏ టౌన్‌షిప్పు పేదలను ఆ టౌన్‌షిప్పే తన ఖర్చుతో పోషించుకునే వీలు వచ్చింది. అందుకే పొరుగూరి పేదవాడు వస్తే ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పని నేర్చావు అని నిలదీసి, రాసుకుని, వెనక్కి పంపేవారు. అలా పేదవాడి జీవితచరిత్ర రాసిపెట్టింది వాణ్ణి వెళ్లగొట్టాలనుకున్నవాళ్లే. మా జాన్‌కు ఆ భాగ్యమూ పట్టలేదు.

మర్నాడు హెబ్డెన్ బ్రిడ్జ్‌లో రైలు దిగి బస్సులో కొండెక్కాం. సన్నగా వాన. 1847 తుఫానుకు దెబ్బతిన్న పాత చర్చి కప్పు లేకుండా నిలబడి ఉంది, పక్కనే దాని తర్వాత కట్టిన కొత్త చర్చి. ఆవరణంతా సమాధి రాళ్లే, అదీ బండలు పరిచినట్టు నేల మీద. కాలు మోపడానికి మనసొప్పక బూట్లు విప్పబోతే ఆవిడ నవ్వింది: "వాళ్లేమీ అనుకోరులే."

బంగారు నాణేల అంచులు కత్తిరించి దొంగ నాణేలు చేయించిన డేవిడ్ హార్ట్‌లీని 1770లో యార్క్‌లో ఉరితీసి ఇక్కడ పూడ్చారు. ఆ రాయి చూపించమంటే ఎవరైనా చూపిస్తారు, దాని మీద చిల్లర కూడా వేసి పోతారు. నేతగాడి రాయి మాత్రం మనమే వెతుక్కోవాలి.

ఫోను లైటును రాతికి ఏటవాలుగా పట్టుకుంటే అరిగిన అక్షరాలు నీడతో పైకి తేలుతాయి. రెండు గంటలు వంగి వంగి, చివరికి ఒకటి చదివాను: స్లాక్‌కు చెందిన జాన్ గ్రీన్‌వుడ్. స్లాక్ ఆ పక్క పల్లె. ఇన్ని జాన్‌లను విడదీసేది ఆ పల్లె పేరే. నా గుండె వేగం పెరిగింది. కింద భార్య పేరు మేరీ అని ఉంది. మాకు కావలసింది బెట్టీ.

"మా వాడు కాడు" అంది పెద్దావిడ. అయినా మోకాలి మీద వంగి, తడి ఆకులను చేత్తో తుడిచి, ఫోటో తీసుకుంది. ఎందుకన్నట్టు చూశాను.

"వీడి మనవలు కూడా ఎక్కడో వెతుక్కుంటూ ఉంటారు కదా."