ఇంటర్వ్యూ బోర్డులో తొలి ప్రశ్న

అనంతపురంలోని ఒక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో నిన్న జరిగిన అధ్యాపక నియామకాల ఇంటర్వ్యూలకు బోర్డు సభ్యుడిగా వెళ్లాను. భోజనాల వేళ మాట రిజర్వేషన్ల మీదికి మళ్లింది. విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని పరిగణనలోకి తీసుకోవడాన్ని అమెరికా సుప్రీంకోర్టు 2023లో తోసిపుచ్చింది కనుక మనమూ ఇక ప్రతిభనే చూడాలని ఒక పెద్దాయన వాదించారు. ఆ తీర్పును ఇక్కడికి తెచ్చి అతికించడం కుదరదు. మన రాజ్యాంగంలోని 15(4), 16(4) అధికరణలే వెనుకబడిన వర్గాల కోసం చదువులోనూ ఉద్యోగాల్లోనూ ప్రత్యేక ఏర్పాట్లకు వీలు కల్పించాయి. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో, ఇతర రిజర్వేషన్లు లేని వర్గాల పేదలకు వచ్చిన 10 శాతం ఆర్థిక కోటా దగ్గర మాత్రం ఆయనకు ప్రతిభ గుర్తుకు రాలేదు, అది వేరే సంగతి. అయితే, సమాన అవకాశాల విభాగమని బోర్డు తగిలించి, తనిఖీ బృందం వచ్చిన రోజే ఆ గది తాళం తీసే కళాశాలలున్నాయని ఆయన అన్న మాటను కాదనలేను.

కానీ ఉదయం, ధర్మవరం నుంచి వచ్చిన అభ్యర్థినిని ఇదే బోర్డు మొదట అడిగింది, "ఇంటిపేరేమమ్మా, మీ నాయన ఏం చేస్తాడు?" అని. మగ్గం నేస్తాడని ఆమె చెప్పగానే ఇద్దరు ముఖముఖాలు చూసుకున్నారు. తర్వాత వచ్చిన అబ్బాయిని నేరుగా థర్మోడైనమిక్స్‌లోకి దింపారు. అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నల పట్టిక ఉండాలని, దరఖాస్తుల్లో ఇంటిపేరు బోర్డుకు కనిపించకూడదని సాయంత్రం రాతపూర్వకంగా కోరాను. పరిశీలిస్తామన్నారు.